మంత్రగత్తె టోపీ

హాలోవీన్ అక్టోబరు 31న అని క్యాలెండర్ చెబుతుంది. తల్లులకు మాత్రం ఆ దయ్యాల వేషాల పండుగ ఆగస్టు చివర్లోనే మొదలవుతుంది. ఏ వేషం, ఏ సైజు, చలి పెడితే లోపల స్వెట్టర్ పడుతుందా, వీధిలో పిల్లలకు ఎన్ని చాక్లెట్లు, వాటిలో వేరుశనగ లేనివేవి... ఈ జాబితా ఎవరి బుర్రలో ఉంటుందో వేరే చెప్పాలా? బోస్టన్ దగ్గరి మా ఇంట్లోనూ అంతే. గుమ్మడికాయ చెక్కేది నా సహచరుడు. అది అందరికీ కనిపించే పని. దాన్ని ఎప్పుడు కొనాలో, ఎన్నాళ్ళకు కుళ్ళుతుందో లెక్కేసేది నేను.

ఈసారి మా ఏడేళ్ళ అమ్మాయి మంత్రగత్తె వేషం అడిగింది. ఫోన్లో అమ్మ, "అదేం వేషమే, లక్షణంగా ఏ సత్యభామ వేషమో వెయ్యక!" అంది. అమ్మ భయం నాకు తెలుసు. మా ఊరి చివరింట్లో ఒంటరిగా ఉండే ఒకామెకు చేతబడి వచ్చని అనేవారు. ఎవరి గేదె పాలివ్వకపోయినా, ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా చూపులన్నీ ఆ గుమ్మం వైపే. ఆమెకు భర్త లేడు, అరెకరం పొలం ఉంది. ఈ రెండో సంగతి మాత్రం ఎవరూ పైకి అనేవారు కాదు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనక ముందా వేషాన్నే చదవబోయాను. చీపురు, పొయ్యి మీద కుండ, పిల్లి. ఒంటరిగా బతికే ఏ ముసలామె ఇంట్లోనైనా ఉండేవే ఇవి. వాటితో భయపడాల్సిందేముంది?

సేలం మాకు దూరం కాదు. బోస్టన్ నుంచి రైల్లో అరగంట. 1692లో మంత్రగత్తెలన్న నింద మీద అక్కడ 19 మందిని ఉరితీశారు. వారిలో 14 మంది స్త్రీలు. మొదట నింద పడింది ముగ్గురి మీద. టిట్యుబా బానిస. సారా గుడ్ అడుక్కుని బతికేది. సారా ఆస్బర్న్ మొదటి భర్త భూమి గురించి తగవులో ఉంది. మా ఊరి అరెకరం గుర్తొచ్చింది. సారా గుడ్ కూతురు డొరొతీని కూడా జైల్లో పెట్టారు. ఆ పిల్లకు అప్పటికి నాలుగైదేళ్ళు. ఇవాళ అదే ఊళ్ళో పోలీసు కార్ల మీద చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మ ఉంటుంది.

మరి వేషం వద్దనాలా? వద్దంటే ఆ మాటను తిట్టుగా నేనూ ఒప్పుకున్నట్టే. పిల్లలకు చెబితే అర్థం కాదనీ అనుకోలేను. ఉరిశిక్ష పడి, ఉరి తప్పినా దోషిగానే మిగిలిపోయిన ఎలిజబెత్ జాన్సన్‌ను మసాచుసెట్స్ రాష్ట్రం 2022లో నిర్దోషిగా తేల్చింది. దానికోసం పట్టుబట్టింది నార్త్ ఆండోవర్ ఎనిమిదో తరగతి పిల్లలు. మన దగ్గర బిహార్ 1999లోనే ఈ నిందకు వ్యతిరేకంగా చట్టం చేసింది. అయినా జాతీయ నేర గణాంకాల్లో హత్యలకు కారణాల పట్టికలో మంత్రవిద్య ఒక గడిగా కొనసాగుతూనే ఉంది.

అందుకే నా జాబితాలో రెండు పనులు చేర్చుకున్నాను. మొదటిది, అక్టోబరు జనం రాకముందే అమ్మాయిని సేలం తీసుకెళ్ళడం. రాళ్ళ కింద నలిపి చంపిన గైల్స్ కోరీతో కలిపి 20 మంది పేర్లతో 1992లో కట్టిన 20 రాతి బల్లలున్నాయక్కడ. ఆ పేర్లు చదివించి, వీళ్ళెవరూ ఏ తప్పూ చేయలేదని చెప్తాను. ఆ తర్వాతే టోపీ.

రెండోది, అమ్మకు ఫోన్ చేయడం. ఆ చివరింటామె పేరేమిటో అడగాలి. చిన్నప్పుడు ఆమెను ఎవరూ పేరుతో పిలవగా నేను వినలేదు.