హింగారు నాటి ఆలూరు సీమ

శీతకాలమున నాలుగు దినములు తీరిక చిక్కినప్పుడు ఎడారి సౌందర్యమును కన్నులార చూచి రావలెనని ఉబలాటపడు తెలుగువారు సాధారణముగా జైసల్మేరు దారి పట్టుదురు. అచట 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఎడారి జాతీయోద్యానమున్నది. ఒంటెలున్నవి, గుడారములున్నవి, గుడారముల ముంగిట పాటకచేరీలున్నవి. పోయి చూడదగిన చోటే. అయినను అంతదూరము పోలేనివారికి, పోగలిగియు గుంపులనిన గిట్టనివారికి, గుంతకల్లు జంక్షనులో దిగి బస్సెక్కినచో గంటసేపటిలో చేరదగిన ఆలూరు సీమను నేను సూచింతును. ఇచట ఉద్యానమని పేరుపెట్టిన స్థలము లేదు, టిక్కెట్టు ఇచ్చు కిటికీ లేదు, మృగములకును మనుష్యులకును నడుమ కంచె లేదు. కంచె లేకుండుటయే ఈ సీమ విశేషము. ఈ సీమ రైతుల కష్టమును అదియే.

నిజము చెప్పవలెనన్న ఇది ఎడారి కాదు. నైరుతి మేఘములు పడమటి కనుమలపై బరువు దించుకొని తేలికపడి వచ్చును. ఈశాన్యపు వాయుగుండములు తీరమును, నల్లమలను తడిపి, ఇంతదూరము వచ్చునప్పటికి ఉడిగిపోవును. రెండు ఋతువుల వానయు పంక్తి చివర కూర్చున్నవానికి వడ్డన అందినట్లే ఈ సీమకు అందుచున్నది. ఆ అందినదానితోనే నల్లరేగడి బ్రతుకుచున్నది, మనుష్యులను బ్రతికించుచున్నది. చెట్టన్నది పొలిమేరలోనో, బావిగట్టుననో, దేవళము ముందరనో ఉండవలసినదే. తక్కినదంతయు ఆకాశము, చేను, దూరమున గుండ్లు పేర్చినట్లు నిలిచిన నల్లరాతి గుట్టలు. కోనసీమ కన్నులతో చూచువానికి ఇచట ఏమియు లేదనిపించును. ఆ కన్నులను మార్చుకొనుటకు ఒక ఉదయము పట్టును.

ఆలూరు పెద్ద పట్టణము కాదు. చరిత్రలో దానికి దక్కిన పెద్ద మాట ఒక్కటే: 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడిననాడు, బళ్ళారి జిల్లానుండి ఆదోని, రాయదుర్గములతోపాటు తెలుగువారి వంతునకు వచ్చిన తాలూకాలలో ఇదియొకటి. ఆదోని, ఆలూరులు కర్నూలులోను, రాయదుర్గము అనంతపురములోను చేరినవి. గీత గీచినంత మాత్రమున నాలుకలు వేరుపడవు గదా. నేటికిని ఇచటి సంతలో బేరము తెలుగులో మొదలై కన్నడములో తెగుట వింతకాదు. సమీపమునగల చిప్పగిరిలో దేహము చాలించిన విజయదాసులవారు కన్నడ హరిదాసులలో అగ్రగణ్యులు; వారి ఆరాధనకు వచ్చువారు నేటికిని రెండు భాషలవారును.

ప్రయాణమునకు తగిన కాలమేదని అడుగువారికి కార్తిక పౌర్ణమికిని శివరాత్రికిని నడుమ ఎప్పుడైనను అని చెప్పవచ్చును. వేసవిలో ఈ నేల నెఱ్ఱెలు విచ్చును. చేయి దూర్చిన మోచేతివరకు పోవు నెఱ్ఱెలు. వాన పడినచో అదే రేగడి చెప్పునకు అంటుకొని అడుగుకొక వీశెడు బరువెక్కును. ఈ రెంటికిని నడుమ, ముంగారు పంట ఇల్లుచేరి, హింగారు చేలు పచ్చబడి, పగలు ఎండ ఓర్వదగినదియు రాత్రి దుప్పటి వదలరానిదియు అయి ఉండు రెండు మూడు నెలలే బాటసారి సొత్తు. జొన్న మోకాటిఎత్తున ఊగుచుండును. ధనియాల చేను పూతకు వచ్చి దారిపొడుగునను వాసనతోడనే తన ఉనికిని తెలుపును. శనగ నేలబారున పరచుకొని ఉండును.

శనగచేను దగ్గర ఒక్కింత నిలువవలెను. తెల్లవారుజామున ఆ మొక్కలమీద పడిన మంచు, ఆకులనుండి ఊరు పులుపుతో కలిసి, సూర్యుడు రెండు బారలు పైకెక్కువరకు నిలుచును. ఉత్త కాళ్ళతో ఆ చేనిలో నడచినచో మడమ పగుళ్ళు చురచురమనును. తెలిసిన ముసలివారు రాత్రి పలుచని పంచెను చేనిమీద పరచి, వేకువను తీసి పిండి, ఆ పులుసును సీసాలో పట్టి దాచుకొందురు. పిల్లలకు అజీర్తి చేసినప్పుడు చెంచాడు నీటిలో కలిపి త్రాపుదురు. పట్టణమునుండి వచ్చినవారు నాలుకపై ఒక చుక్క వేసికొని మొగము చిట్లించుకొనుట, చేనుగలవారు నవ్వుకొనుట ఇచటి మర్యాదలలో చేరినది.

ఆ వేళకే జింకలు కనబడును. ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగమైన కృష్ణజింక ఈ సీమలో అడవిలో లేదు, చేలలోనే ఉన్నది. ఆలూరు, హాలహర్వి, చిప్పగిరి, హొళగుంద, ఆదోని ప్రాంతములలో దారిప్రక్క బండి ఆపి ఓపికగా చూచినచో, మొదట మట్టిపెడ్డలని భ్రమపడినవే కదలి తలలెత్తును. లేళ్ళు లేత గోధుమరంగువి. వాని నడుమ ఇఱ్ఱి ఒకటి, వీపు నల్లగా, పొట్ట తెల్లగా, మెలిదిరిగిన కొమ్ములను వెనుకకు వాల్చి, ముట్టె పైకెత్తి, ఈ మంద నాది అన్నట్లు నడచును. అలికిడియైనచో ముందుగా ఒక లేడి నిటారుగా నేలనుండి ఎగురును. దాని వెంట మరియొకటి. పిదప మంద అంతయు పరుగెత్తును. అంత పరుగెత్తియు మరల ఆగి వెనుదిరిగి చూచుట వాని అలవాటు. బైనాక్యులర్ ఉన్నవారు అప్పుడే చూడవలెను. వెంటబడి బండి తోలుట మాత్రము చేయరాదు. అది జింకకును చేటు, చేనికిని చేటు, చట్టప్రకారము నేరమును.

చూడవచ్చినవారికి కనులపండువైనది చేనుగలవారికి కంటగింపు. మొలక వచ్చిననాటినుండి కంకి పండువరకు జింకలు మేయుచునే ఉండును. రాత్రులు డబ్బాలు మ్రోగించుచు, పాత చీరెలు కట్టి కంచెలల్లుచు కాపలా ఉండుట ఈ రైతులకు ఏటేటి పని. జింకలకు వేరొక పార్కు ఏర్పరచి తమ పంటలను కాపాడవలెనని వారు మొరపెట్టుకొనుట పాతమాటే. "జింకలంటే మీకు కోపము రాదా అవ్వా?" అని ఒక శనగచేని గట్టున నేనడుగగా, కొంగు తలకు చుట్టుకొని కలుపు తీయుచున్న ఆ ముసలామె తల ఎత్తకయే, "కోపమొస్తే ఏం జేస్తాం సార్? మేమైతే సుగ్గికి పోతాం. అవి యాడికి పోతాయి? ఈడనే తినల్ల గదా" అన్నది.

సుగ్గి అనునది ఈ సీమను ఎరుగగోరువారు తప్పక తెలిసికొనవలసిన సంగతి. పంట సరిగా రాని యేడు, వచ్చినను అప్పునకే చాలిన యేడు, ఆలూరు, ఆదోని, పత్తికొండ ప్రాంతముల కూలివారును, చిన్నరైతులును పిల్లాజెల్లలతో గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు, పత్తి తీయుటకు తరలిపోవుదురు. పోవు కాలము ఈ శీతకాలమే. కావున బాటసారి ఈ పల్లెలకు వచ్చు నెలలలోనే పల్లెవారు ఊరు విడుచుదురు. తాళము వేసిన తలుపులు, అరుగుమీద ముసలివారు, వారి ఒడిలో బడియీడు పిల్లలు ఎచట చూచినను కనబడుదురు. ఈ ప్రదేశపు జనసంచారము లేని ప్రశాంతత ఎంత హాయి అని మురియువారు అది ఏ మూల్యమునకు లభించినదో ఎరిగి మురియుట మేలు. నిర్జనమైన భూమిని చూడగోరి వచ్చినవానికి ఇచట కనబడునది జనము పోయిన భూమి. ఈ భేదము గ్రహింపక వ్రాసిన యాత్రావర్ణనలు నాకు రుచింపవు.

నిజమైన ఇసుకనే త్రొక్కవలెనన్న పట్టుదల ఉన్నవారికి హగరి ఉన్నది. వేదవతి అని పురాణనామము, హగరి అని వాడుక. కన్నడ సీమలో పుట్టి, ఎగువన వాణీవిలాససాగరమునను, మన అనంతపురము జిల్లాలో భైరవానితిప్ప వద్దను కట్టుబడి, దిగువకు చాలవరకు ఇసుకగానే ప్రవహించు నది ఇది. బళ్ళారి మీదుగా బొమ్మనహాళ్, కణేకల్ మండలములకు పోయినచో దర్గాహొన్నూరు పరిసరములలో ఇసుకతిన్నెలు కనబడును. ఆషాఢ శ్రావణములలో వీచు పడమటి గాలి ఎండిన ఏటినుండి ఇసుకను లేపి గట్టు దాటించి పొలములమీద పోయుచు వచ్చినది. నాడు చేను, నేడు తిన్నె. శీతకాలమున గాలి నెమ్మదించియుండును గనుక తిన్నెలమీది అలలు చెదరక, ఉదయమున పురుగు నడచిన జాడసైతము తెలియునంత స్పష్టముగా నుండును. ఆ తిన్నెలకు కూతవేటు దూరములోనే తుంగభద్ర ఎగువకాలువ నీటితో వరిమళ్ళు పచ్చగా నుండుట చూచినప్పుడు, ఎడారియన్నది ప్రకృతి ఒక్కతె చేయు పని కాదని ఎవరును చెప్పనక్కరలేకయే తెలియును.

మరునాటికి ఎఱ్ఱగుడి. గుత్తినుండి పత్తికొండకు పోవు మార్గమున, జొన్నగిరికి చేరువగా, చేల నడుమ లేచిన ఒక రాతిగుట్టపై అశోకుని శాసనములున్నవి. 1920ల చివర ఒక భూగర్భశాస్త్రజ్ఞుని కంటబడువరకు గొఱ్ఱెల కాపరులు వానికి ఆనుకొని కునుకు తీయుచుండిరేమో! పదునాలుగు పెద్ద శాసనములును, చిన్న శాసనమును ఒక్కచోట లభించుట అరుదు. చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, దున్ను ఎద్దు సాలు మరలినట్టి పోకడలో చెక్కబడుట మరింత అరుదు. వజ్రములకొరకు జొన్నగిరి పొలములను వెదకువారు తొలకరికి వచ్చువారు. శీతకాలమున ఆ సందడి ఉండదు. నాకు వజ్రములకన్న మొదటి శాసనమే విలువైనది. తన వంటశాలలో పూర్వము లెక్కకు మిక్కిలిగా ప్రాణులు చంపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమే, ఆ జింకయు నిత్యము కాదు, ఇకమీదట అవియు ఉండవనియు చక్రవర్తి అందు చాటుకొన్నాడు. రమారమి 2,250 సంవత్సరముల నాటి రాతిపై జింక మాట చదివి, గుట్ట దిగి, బాటమీదికి వచ్చునప్పటికి చేలో జింకలు మేయుచుండుట ఈ సీమలోనే సాధ్యము. పత్తికొండలో బస్సు మారువారు, దత్తమండలముల తొలి కలెక్టరై, పిదప మద్రాసు గవర్నరై, 1827 జూలైలో వాంతిభేదితో అచటనే కన్నుమూసిన మన్రో పేరు తలచుకొందురు గాక. హొళగుంద మండలపు దేవరగట్టు కఱ్ఱల ఉత్సవము దసరానాటిది. దానికి వేరే ప్రయాణము కట్టుకొనవలెను.

కర్నూలు దాటి నందికొట్కూరు దిక్కుగా పోయినచో రోళ్ళపాడు. ఇది మాత్రము ప్రభుత్వము గీటుగీచి కాపాడుచున్న అభయారణ్యము, 1988లో ఏర్పడినది, విస్తీర్ణము 614 హెక్టార్లు, అనగా జైసల్మేరు ఉద్యానములో ఐదువందలవ వంతు. ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరినది. అరణ్యమనుటయే గాని చెట్లు వెదకరాదు. గడ్డి, గడ్డిలో జింకలు, అదృష్టముండిన ఒక తోడేలు. ఏ పక్షికొరకు దీనిని ఏర్పరచిరో ఆ బట్టమేకపిట్ట మీటరు ఎత్తున నిలిచి, పదునైదు కిలోల వరకు తూగు మహావిహంగము. ఆడుది ఏటికి సాధారణముగా ఒక్క గ్రుడ్డు మాత్రమే, అదియు ఉత్త నేలమీద పెట్టును. చుట్టుప్రక్కల మెట్టపైరులున్నంతకాలము గడ్డిలో దాగి, చేలలో మేసి బ్రతికినది. కాలువనీరు వచ్చి, జలాశయము కట్టబడి, జొన్న కొఱ్ఱల తావున వేరు పంటలు వచ్చిన పిదప కంచెలోపలి గడ్డి దానికి చాలలేదు. నేడు దేశమంతటను ఆ పిట్టలు నూటయేబదికి అటుఇటుగా మిగిలినవందురు, అందు అధికభాగము జైసల్మేరులోనే. రోళ్ళపాడులో కనబడుట గగనకుసుమమైనది. కంచెవేసి కాపాడినచోట పిట్ట పోవుటయు, కంచెలేని ఆలూరు చేలలో జింక నిలుచుటయు కలిపి చూచినవారికి, గీటు గీచుటయే రక్షణమను నమ్మకము సడలక తప్పదు.

అట్లని రోళ్ళపాడును మానరాదు. మధ్య ఆసియా గడ్డిబీళ్ళనుండి చలికి వెఱచి వచ్చు పిల్లిగద్దలు ఇచట శీతకాలము గడుపును. పగలెల్ల చేలపై మనిషి ఎత్తున తేలుచు మిడుతలను పట్టి తినును. ప్రొద్దు వాలుటతోనే నలుదిక్కులనుండి ఒక్కటొక్కటిగా వచ్చి, చెట్టు ఎక్కక, గడ్డి నడుమ నేలమీదనే రాత్రి బస చేయును. సాయంకాలము నాలుగున్నరకే అటవీశాఖవారి అనుమతితో చేరి మౌనముగా కూర్చున్నవారికే ఆ రాక చూడగల్గును. మిడుతలమందు చల్లువారికి ఈ గద్దలు చేయు ఉపకారము తెలిసినట్లు లేదు.

ఇంకను రెండు దినములు మిగిలినవారు బెలుం గుహలకును, గండికోటకును పోవుదురు. వానినిగూర్చి అందరును వ్రాసినదే నేను మరల వ్రాయను. కడప దాపున లంకమల ముండ్లపొదలలోని కలివికోడిని చూతమని మాత్రము ఎవరును బయలుదేరవలదు. 1900 తరువాత లోకము మరచిన ఆ రాత్రిపక్షి 1986 జనవరిలో మరల కనబడినదన్న కబురు ప్రపంచమంతట ప్రాకినది. అప్పటినుండి దానిని వెదకుటయే వృత్తియైన శాస్త్రజ్ఞులకే అది సరిగా చిక్కలేదు.

బసకు ఆదోనియో గుంతకల్లో అనుకూలము. ఉదయము ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఏ హోటలులోనైనను వేడిగా దొరకును. మధ్యాహ్నమునకు పల్లెలో ఎవరినైనను అడిగి, ధర ముందుగా మాటాడుకొని, జొన్నరొట్టె, పుంటికూర, ఊరుబిండి చేయించుకొనుట ఉత్తమము. చేతితో తట్టిన రొట్టె పెనముమీద పొంగినవెంటనే తినవలెను, చల్లారినచో దంతములకు పరీక్ష. నీళ్ళు వెంట ఉంచుకొనవలెను, ఉన్ని టోపీ మరువరాదు, చేనిలో అడుగిడుటకు ముందు చేనువానిని అడుగవలెను. శివరాత్రి దాటినచో ఎండ ముదురును. ఉగాది దగ్గరపడిన కొలదిని సుగ్గివారు మూటలతో, మిరప సంచులతో తిరిగివత్తురు. ఆ దినములలో గుంటూరు వైపునుండి వచ్చు బస్సులలోను, రైళ్ళలోను నిలుచుటకైనను చోటు దొరకదు గనుక, అప్పుడు ఆ వైపునుండి వచ్చువారు టిక్కెట్టు ముందే తీసికొనుట మంచిది.