మెండెల్సన్ హెబ్రిడీస్ యాత్ర

జర్మన్ స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్ 1829 వేసవిలో, తన ఇరవయ్యో ఏట, స్కాట్లండ్‌కు చేసిన యాత్ర పుస్తకాల్లో మొదలై సంగీతంలో ముగిసిన యాత్ర. వాల్టర్ స్కాట్ చారిత్రక నవలలూ, ఒసియన్ అనే ప్రాచీన గాయకుడివని చెప్పి జేమ్స్ మెక్‌ఫర్సన్ 1760ల్లో ప్రకటించిన వీరగాథలూ అప్పటికే యూరప్ పాఠకులను ఉర్రూతలూగించాయి; ఆ గాథల్లో చాలా భాగం మెక్‌ఫర్సన్ సొంత కల్పనేనని పండితులు తేల్చినా, వాటిలోని పొగమంచుకూ, సముద్రఘోషకూ, ఫింగల్ అనే వీరుడికీ ఉన్న ఆకర్షణ తగ్గలేదు.

లండన్‌లోని హానోవర్ దౌత్య కార్యాలయంలో పనిచేసే మిత్రుడు కార్ల్ క్లింగెమన్‌తో కలిసి ఎడిన్‌బరో చేరిన మెండెల్సన్, జులై 30న ఒకప్పటి స్కాట్లండ్ రాణి మేరీ నివసించిన హోలీరూడ్ ప్రాసాదాన్ని దర్శించి, దాని పక్కనే పైకప్పు లేక గడ్డీ తీగలూ అల్లుకుపోయిన పాత ప్రార్థనాలయంలో తన స్కాటిష్ సింఫనీకి ఆరంభం దొరికిందని ఇంటికి రాశాడు. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం అనేక భాగాలుగా కూర్చే కృతి. ఈ స్కాటిష్ సింఫనీ 1842లో గాని లైప్‌జిగ్ శ్రోతల ముందుకు రాలేదు. నవలాకారుడు స్కాట్‌ను ఆయన నివాసమైన అబట్స్‌ఫర్డ్‌లో చూడబోతే, ఆయన ప్రయాణమై వెళ్తున్న వేళ కావడంతో నాలుగు పొడిమాటలే దక్కాయి. రచయిత దర్శనం కంటే ఆయన వర్ణించిన నేలే ఈ యాత్రికుడికి ఎక్కువ ఇచ్చిందనడం న్యాయం.

ఆగస్టు 7న పడమటి తీరంలోని ఓబన్ దగ్గర డనాలీ కోటనూ, దాని వెనుక సముద్రాన్నీ, దూరాన కొండలనూ పెన్సిల్‌తో చిత్రించిన మెండెల్సన్, హెబ్రిడీస్ దీవులు తన మనసును ఎంతగా కదిలించాయో తెలపడానికి, అదే తేదీ వేసిన ఉత్తరంలో అక్క ఫానీకి కొన్ని స్వరాలు రాసి పంపాడు. ఆ దీవుల్లో ఒకటైన స్టాఫాలోని ఫింగల్ గుహను ఆయన చూసింది ఆ మర్నాడు. కరిగిన లావా చల్లారుతూ బిగుసుకుని పగిలినందువల్ల ఏర్పడిన బసాల్ట్ స్తంభాలు, ఎక్కువగా ఆరు పలకలవి, ఆ గుహకు గోడలు. లోపలికి దూసుకొచ్చే అలల హోరు వాటి మధ్య మారుమోగుతుంది. అయితే ఓడ కుదుపులకు సముద్రపు వికారం పట్టుకున్న మెండెల్సన్ ఆ వైభవాన్ని తీరికగా ఆస్వాదించలేకపోయాడు. గుహ వర్ణనంతా క్లింగెమన్ ఉత్తరంలోనే ఉంది.

ఆ స్వరాలే పెరిగి హెబ్రిడీస్ ఓవర్చర్ అయ్యాయి. ఓవర్చర్ నిజానికి ఒపేరాకు ముందు వాయించే ప్రారంభ కృతి, కాని ఇది దేనికీ ముందుమాట కాని స్వతంత్ర రచన. 1830 డిసెంబరులో రోమ్‌లో ఒక రూపు వచ్చినా మెండెల్సన్ తృప్తి పడలేదు. మధ్యభాగంలో చేపనూనె, ఉప్పుచేపల వాసన కంటే కౌంటర్‌పాయింట్ వాసన, అంటే స్వరధారలను ఒకదానితో ఒకటి జోడించి నడిపే శాస్త్రపు వాసన, ఎక్కువైందని తానే ఆక్షేపించి తిరగరాసి, 1832 మే 14న లండన్‌లో వినిపింపజేశాడు. సొంత రచనను ఇంత కఠినంగా తూచిన ఆ నిజాయితీ వల్లనే ఆ పది నిమిషాల సంగీతంలో పాండిత్య ప్రదర్శన కాక సముద్రం వినిపిస్తుంది.

నేడు ఓబన్ నుంచీ, మల్ దీవిలోని ఫియన్‌ఫర్ట్ నుంచీ వేసవిలో స్టాఫాకు పడవలు నడుస్తాయి, అలలు పెద్దవైతే దీవిపై దింపరు. వెళ్లదలచినవారు ఆ ఓవర్చర్‌ను ముందుగా ఓబన్ తీరాన నిలబడి వినాలి; దాని మొదటి స్వరాలు కాగితం మీదికి వచ్చిన రోజు మెండెల్సన్ చూసింది ఆ తీరాన్నే.