కోయిల కాని పిట్ట

బీఏలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్న మొదటి ఏడాదే కీట్స్ నైటింగేల్ పద్యం పాఠంగా వచ్చింది. బజారులో దొరికే గైడు ఆ పిట్టను కోయిల అంది. నేనూ అలాగే అనుకున్నాను. మా వేపచెట్టులో పట్టపగలు కూసే నల్లటి కోయిలే కళ్లముందు మెదిలేది. నైటింగేల్ గోధుమరంగు చిన్న పిట్ట అనీ, రాత్రిళ్లు పాడుతుందనీ తెలిశాక పద్యమంతా మొదటినుంచి మళ్లీ చదివాను. అప్పుడు గాని అందులోని చీకటి నాకు అందలేదు.

1818 డిసెంబరులో కీట్స్ తమ్ముడు టామ్ క్షయతో పోయాడు. అతనికి దగ్గరుండి సేవ చేసిన కీట్స్ వైద్యం చదువుకున్నవాడు. ఏం జరుగుతోందో తెలిసీ ఆపలేకపోయాడు. ఆ మరుసటి వసంతంలో రాసిన పద్యమిది. 1821లో రోమ్‌లో, 25 ఏళ్లకే, తననూ అదే జబ్బు తీసుకుపోయింది. మా పరీక్షలో ఇదేదీ అడగలేదు. అలంకారాలు వరసగా రాస్తే మార్కులు పడ్డాయి. అందుకు నాకింకా బాధే. దాదాపు మా ఈడువాడే కదా అతను!

ఆ చదువు నన్ను తెలుగుకు దూరం చేస్తుందని ఇంట్లో భయపడ్డారు. జరిగింది వేరు. కీట్స్, షెల్లీల తర్వాత కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' తెరిస్తే, ఇంటర్‌లో బట్టీపట్టిన మాటలకే ఊపిరి వచ్చినట్టుంది. ఆ రాత్రి అమ్మను నిద్రలేపి మరీ చదివి వినిపించాను.