గ్రాఫిక్సుకు ముందటి మాయ

క్రొత్త సినిమా ఏది వచ్చినను, కథ యెట్లున్నదని గాక గ్రాఫిక్సు ఎట్లున్నవని అడుగు కాలము వచ్చినది. 1957 నాటి ‘మాయాబజార్’లో లడ్డూలు తమంతట తామే ఘటోత్కచుని నోటిలోనికి దుముకునట్లు చూపిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పనితనము అద్భుతమే, కాని మనకు నవ్వు వచ్చునది ఎస్వీ రంగారావు కన్నులలోని తిండి మురిపెమును చూచియే. అంతకు మించినది, ఘటోత్కచుడే మాయాశశిరేఖయై పెండ్లిపీటలపై లక్ష్మణకుమారుని కాలు తొక్కు ఘట్టము: అచ్చట ఆడుపిల్ల మేనిలో రాక్షసుని దర్పమును నిలిపినది సావిత్రి యొక్కతెయే, ట్రిక్కు కాదు.

మా జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినపుడును, మాయ నటునిదే గాని ట్రిక్కుది కాదని తోచినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పల్లెలలో చిందువారు ముఖమున అర్దళపు పూత, తలపై కిరీటము, ప్రక్కన తాళము మద్దెల, ఇంతమాత్రముతోనే కీచకుని కండ్లయెదుట నిలబెట్టుదురు.

కంప్యూటరు వలదనుట లేదు. మాటలాడని పురుగునకు పగ, పంతము కల్పించిన ‘ఈగ’ (2012) దాని చలువయే. అయినను చచ్చి ఈగగా పుట్టు నాయకుడు నానిపై జాలి పుట్టించిన పిదపనే రాజమౌళి ఆ ఈగను ఎగురనిచ్చెను. ఆ వరుస తప్పిన చిత్రములను, టికెట్టు ఎంత అగ్గువకిచ్చినను, నాకు రెండవమారు చూడబుద్ధి కాదు.