నా పేరుతో ఒక కార్డు

2006 అక్టోబరులో ఒక ఉదయం న్యూజెర్సీలో సోషల్ సెక్యూరిటీ ఆఫీసు కౌంటరు ముందు నిలబడి, నేను ఆ నంబరుకి అర్హురాలిని కానని ఒక కాగితం రాసిమ్మని అడిగాను. అవతలి ఆవిడకి ఇది రోజూ ఉండే పనే కాబోలు, తలెత్తకుండానే ప్రింటు తీసి ఇచ్చింది. అర్హత పత్రాల కోసం ఎన్నో ఆఫీసులు తిరిగాను గానీ అనర్హత పత్రం కోసం వరసలో నిలబడటం అదే మొదటిసారి. హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యకి ఉద్యోగం చేసే హక్కు లేదు. ఉద్యోగం లేదు కనుక నంబరు లేదు. నంబరు రాదని ఆ ఆఫీసు రాసిస్తే గానీ డ్రైవింగ్ లైసెన్సుకి నా దరఖాస్తు ముందుకు కదలదు.

అంతకుముందు తొమ్మిదేళ్ళు గుంటూరులో డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్పాను. అరండల్‌పేట నుంచి కాలేజీకి స్కూటీ మీద వెళ్ళేదాన్ని. ఎవరినీ అడిగి బయల్దేరిన గుర్తు లేదు. ఇక్కడ దగ్గర్లోని కొట్టు రెండు మైళ్ళు. మధ్యలో హైవే, నడవడానికి కాలిబాట ఉండదు. పాలు అయిపోతే సాయంత్రం దాకా, కూరలు అయిపోతే శనివారం దాకా ఆగాలి. మా ఆయన చెడ్డవాడు కాదు. అడిగితే తీసుకెళ్ళేవాడు. ఆ 'అడిగితే' దగ్గరే నాకు గొంతు పట్టేసేది.

మా ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకోబోయి మూడో రోజుకే మానేశాను. అతను బ్రేకు లేని వైపు కూర్చుని కాలితో నేలని తొక్కుతుంటే నాకు స్టీరింగు మీద చెయ్యి నిలిచేది కాదు. పైగా రోడ్డు పరీక్షకి తెచ్చే కారులో హ్యాండ్ బ్రేకు ఇద్దరి మధ్యలో, పరీక్ష చేసేవాళ్ళకి అందేలా ఉండాలట. మా కారులో అది కాలి దగ్గర ఉండేది. అలా ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నేర్పింది గుజరాతీ ఆవిడ, అరవై దాటి ఉంటాయి. నాలుగు వైపులా స్టాప్ గుర్తులున్న కూడలిలో నేను అందరికీ దారి ఇస్తూ నిలబడిపోతే ఆవిడ హిందీలో అంది: "ముందొచ్చిన వాళ్ళు ముందు వెళ్ళాలి బేటీ. నీ వంతు వచ్చినా వెళ్ళకుండా మొహమాటపడితే వెనకవాళ్ళకీ ప్రమాదమే." పుట్టింట్లోనూ అత్తింట్లోనూ నాకు నేర్పింది సరిగ్గా దీనికి తిరగేసింది.

రాత పరీక్షలో 50 ప్రశ్నలకి 40 సరిగ్గా రాయాలి. అది సునాయాసంగా అయిపోయింది. రోడ్డు పరీక్ష మాత్రం మొదటిసారి తప్పాను. స్టాప్ గుర్తు దగ్గర వేగం తగ్గించానే గానీ పూర్తిగా ఆగలేదట. గుంటూరులో హారన్ కొట్టామంటే ఆగినట్టే! రెండోసారి గట్టెక్కాను.

కార్డు చేతికొచ్చాక ఇంటికి తీసుకొచ్చి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. పేరు, పుట్టినరోజు, చిరునామా, ఎత్తు, కళ్ళ రంగు. నా కళ్ళ రంగేమిటని ప్రభుత్వం అడగడం అదే మొదలు. మన దేశపు లైసెన్సులో ఫలానావారి కూతురు, ఫలానావారి భార్య అని రాసే చోటు ఉంటుంది. పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరూ భర్త పేరూ ఉంటాయి. నా వీసా మీద నేను ఎవరి మీద ఆధారపడి వచ్చానో ఆ పేరు అచ్చయి ఉంది. ఈ కార్డు మీద మాత్రం నేను తప్ప ఇంకెవరూ లేరు. చనిపోయాక అవయవాలు దానం చేస్తావా అని కౌంటరు దగ్గర అడిగారు. ఇంట్లో అడిగి చెబుతానని నోటిదాకా వచ్చింది. మింగేసి, ఇస్తానన్నాను.

ఇది కారు నడపడానికి మాత్రమే అనుకునేవాళ్ళకి దీని విలువ సగమే తెలుసు. లైబ్రరీ కార్డుకి ఇదే చూపించాను. బ్యాంకులో నా సంతకానికి ఇదే ఆధారం. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు కొనాలన్నా 2006 నుంచి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కావాలి. అంతకుముందు ప్రతిదానికీ పాస్‌పోర్టు తియ్యాలి. అది పోతుందేమోనన్న భయంతో మగవాళ్ళు తమ ఫైల్లో పెట్టి తాళం వేసేవారు. మా ఇంట్లో తాళం జాగ్రత్త కోసమే. అన్ని ఇళ్ళలోనూ అలా కాదని 2009లో తెలిసింది.

ఒక రాత్రి నాకు తెలిసిన అమ్మాయి పాపని ఎత్తుకుని మా తలుపు కొట్టింది. ఆమె మొహం చూశాక ఏమీ అడగనక్కర్లేకపోయింది. పాస్‌పోర్టులు రెండూ భర్త ఆఫీసులో ఉన్నాయి. ఆమె చేతిసంచీలో ఉన్నదల్లా ఆరు నెలల కిందట, నా పోరు పడలేక తీసుకున్న లైసెన్సు. మర్నాడు ఆ కార్డు చూపించే విమానం ఎక్కి, ఇంకో రాష్ట్రంలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళింది. 2025 మే 7 నుంచి విమానాశ్రయంలో రియల్ ఐడి ప్రమాణానికి సరిపోని మామూలు లైసెన్సులు చెల్లడం లేదు. ఇప్పుడు లైసెన్సు తీసుకునే అమ్మాయిలకి ఆ రకం అడిగి తీసుకోమనే చెబుతాను.

అయినా ఈ కార్డుని నెత్తిన పెట్టుకుని ఊరేగలేను. లైసెన్సు వచ్చిన నెలకే కూరలు, డాక్టరు, పిల్లాడి బడి, ఈత క్లాసు, అత్తగారూ మామగారూ వస్తే విమానాశ్రయం, అన్నీ నా వంతయ్యాయి. ఇంటి చాకిరీకి చక్రాలొచ్చాయి అంతే! పైగా నా కార్డు గడువు మా ఆయన వీసా కాగితాల గడువుతోనే ముగిసేది. అతని పొడిగింపు ఆలస్యమైతే నా బండి కూడా ఆగేది. 2015 మేలో కొందరు హెచ్-4 భార్యలకి, అదీ భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం వెళ్ళాక, పని చేసుకునే అనుమతి వచ్చింది. నాకు అప్పుడే సోషల్ సెక్యూరిటీ నంబరూ వచ్చింది, తొమ్మిదేళ్ళ తర్వాత.

నేను పనిచేసే చోట రాత్రిళ్ళు ఊడ్చి తుడిచే గ్వాటెమాలా ఆవిడ ఏళ్ళ తరబడి లైసెన్సు లేకుండానే కారు నడిపింది. బస్సులు లేని వేళలో పని, వేరే దారేముంది? వెనకాల పోలీసు దీపం కనిపిస్తే చేతులు చల్లబడిపోయేవట. వలస కాగితాలతో సంబంధం లేకుండా మామూలు లైసెన్సు ఇచ్చే చట్టం న్యూజెర్సీలో 2019 డిసెంబరులో వచ్చింది, అమలు 2021 మేలో మొదలైంది. ఆవిడ తన కార్డు తెచ్చి నాకు చూపించిన రోజు నా అనర్హత కాగితం గుర్తొచ్చింది. ఆవిడ భయం ముందు నా మొహమాటం ఏపాటిది?

ఇప్పటికీ మనవాళ్ళ ఇళ్ళలో కొత్తగా వచ్చిన అమ్మాయి కనిపిస్తే వంటింట్లోకి పిలిచి మొదట అదే అడుగుతాను, లైసెన్సు తీసుకున్నావా అని. "మా ఆయన తిప్పుతారు కదాంటీ" అంటుంది. "తిప్పనీ, నువ్వు మాత్రం తీసుకో" అంటాను. ఎందుకో అప్పుడే చెప్పను. మొదటిసారి ఒక్కతే లైబ్రరీ దాకా వెళ్ళి, బండి ఆపి, తలుపు తియ్యకుండా నేను కూర్చున్న ఆ పది నిమిషాలు ఆ అమ్మాయికీ వస్తాయి. అప్పుడు తనకే తెలుస్తుంది.