రెండో చుట్టు దాకా ఆగాలి!

ఆ బండ్లకు చక్రాలుండవు. నేలకు ఆనకుండా గాల్లో తేలుతూ గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటి దూసుకుపోతాయి. దారి ఓచోట గొట్టంలా చుట్టుకుంటుంది, ఇంకోచోట బండిని తలకిందులు చేస్తుంది. అంచు దాటితే... అంతే సంగతులు! నింటెండో కంపెనీ 1998లో తెచ్చిన 'ఎఫ్-జీరో ఎక్స్' వీడియోగేమ్ ఇది. కథ జరిగేది 26వ శతాబ్దంలో.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ముండ్లమూరు వచ్చిన మనవడి చేతిలో ఆ ఆట చూసి తాతయ్యకు ముందు నవ్వొచ్చింది. "చక్రాల్లేని బండేందిరా అబ్బయా!" అన్నాడాయన. ఒకప్పుడు ఒంగోలు గిత్తలను మేపి, బండలాగుడు పోటీలకు తోలుకెళ్లిన మనిషి. బొమ్మలు ఆయనకు ఆనలేదు. నిజానికి అవి అంత అందమైనవీ కావు. తెరమీద ఒకేసారి 30 బండ్లను సెకనుకు 60 ఫ్రేముల చొప్పున పరిగెత్తించడానికి చుట్టుపక్కల హంగులు తగ్గించేశారు.

ఆయన్ని కట్టిపడేసింది ఒక నియమం. 1990లో వచ్చిన మొదటి 'ఎఫ్-జీరో'లో చుట్టు పూర్తిచేసినప్పుడల్లా ఒక అదనపు దూకుడు ఊరికే ఇచ్చేవారు. ఎక్స్‌లో అలా కాదు. మీట నొక్కితే వేగం వస్తుంది, కానీ అది బండి శక్తిలోంచే ఖర్చవుతుంది. గోడ తగిలినా, పక్కవాడు గుద్దినా తరిగేదీ ఆ శక్తే. అది అడుగంటాక చిన్న దెబ్బకే బండి పేలిపోతుంది. దారిలో కనిపించే మెరిసే పట్టీల మీదుగా వెళితేనే మళ్లీ నిండేది. ఇంకో తిరకాసు... మొదటి చుట్టులో ఆ మీట పనిచేయనే చేయదు!

"దీన్ని చేసినోడు ఎడ్లు తోలినోడేరా" అన్నాడు తాతయ్య. "బండ కట్టంగానే చెర్నాకోల ఝళిపిస్తే ఆఖరి నిమిషాల్లో గిత్తలు నిలబడిపోతాయి."

నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగాయన్నదే బండలాగుడులో లెక్క. మొదట్లో ఈలలు వేయించుకున్న జతే చివర్లో మోకాళ్ల మీద కూలబడటం ఆయన చాలాసార్లు చూశాడు. ఓసారి అది తన జతే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మనవడిది అమెరికా వేళల ఉద్యోగం. అర్ధరాత్రి దాటాక కూడా ఫోన్లే. పండక్కొచ్చినా ల్యాప్‌టాప్ మూయలేదు. కళ్ల కింద నల్లచారలు వాళ్లమ్మ చూస్తూనే ఉంది, అడిగితే విసుక్కుంటాడని ఊరుకుంది.

"అది సరేగానీ... మీ ఆఫీసులో ఆ మెరిసే పట్టీ యాడుందిరా?" అని తాతయ్య అడిగాడు. కుర్రాడు ఆట ఆపాడు. జవాబు మాత్రం రాలేదు. కనుమ మర్నాడు అద్దంకిలో ఎక్కాల్సిన బస్సు టికెట్‌ను రెండు రోజులు వాయిదా వేసుకున్నాడు. వాళ్లమ్మ ఇంకో వాయి అరిసెలకు బియ్యం నానబోసింది.