దాటవేసిన వాక్యం

2025 జూన్ 23వ తేదీ రాత్రి పది దాటాక, మాక్లూరులో మా ఇంటి అరుగు మీద అమ్మ చేతిలో ఫోను పట్టుకుని కూర్చున్న తీరు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. ఖతర్‌లోని అల్ ఉదైద్ సైనిక స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వదిలిన రాత్రి అది. ఆ వార్త నాకంటే ముందు అమ్మకు తెలిసింది. ఆకాశంలో నిప్పుకణికలు తేలుతున్న వీడియో ఒకటి, టీవీలో నేను చూసేలోపే, మా వాడకట్టు ఆడవాళ్ళ వాట్సాప్ గుంపులోకి వచ్చి పడింది. మా తమ్ముడు ఉండేది దోహాలో.

అమ్మకు చదువు రాదు. కానీ ఆ చిన్న తెర మీది గుర్తుల భాష మాత్రం ఆమెకు క్షుణ్ణంగా వచ్చు. ఒక గీత పడితే మాట ఇక్కడే ఉన్నట్టు, రెండు గీతలు పడితే అక్కడికి చేరినట్టు, అవి నీలంగా మారితే కొడుకు విన్నట్టు. ఆ రాత్రి "రెండు గీతలు పడ్డయి గని నీలం గాలేదురా" అని ఆమె నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్క లేదు. నేను ఫోను చేస్తే మోగుతున్నది, ఎత్తడం లేదు. ఇరవై అయిదు నిమిషాల తరువాత నీలం వచ్చింది. వెంటనే వాడి గొంతు: "అమ్మా, మంచిగున్న. పండుకో." అంతే. అమ్మ ఆ మూడు మాటలనూ అయిదారుసార్లు పెట్టించుకుని విని, లేచి లోపలికి వెళ్ళింది.

ఇరవై అయిదు నిమిషాలు! ఆ నిరీక్షణను ఆమె భరించలేకపోయిందని నవ్వుకుందామనుకున్నాను కానీ నవ్వు రాలేదు. ఇదే మనిషి 1991లో నలభై రోజులకు పైగా ఇదే అరుగు మీద ఎదురుచూసింది. అప్పుడు బాపు సౌదీలో, దమ్మాంలో ఉండేవాడు. బోర్లు వేసి అప్పులపాలై, ఆ అప్పు తీర్చడానికి మరో అప్పు చేసి వీసా కొనుక్కుని వెళ్ళాడు. మా ఇందూరు జిల్లాలో ఈ కథ లేని వాడకట్టు అరుదు కనుక దీన్ని ఇంతటితో వదిలేస్తాను. ఆ జనవరి 17న యుద్ధం మొదలైంది. ఫిబ్రవరి 25న దమ్మాం పక్కనే ఉన్న ధహ్రాన్‌లో అమెరికా సైనికుల బస మీద ఇరాక్ స్కడ్ క్షిపణి పడి ఇరవై ఎనిమిది మంది చనిపోయారు. ఆ వార్త రేడియోలో విన్నవారెవరో మా ఇంటికొచ్చి చెప్పిపోయారు. ఇక ఉత్తరం లేదు, పత్తరం లేదు. అమ్మ రోజూ వెయ్యి బీడీలు చుట్టేది. తపాలా ఆయన సైకిలు చప్పుడు వినబడినప్పుడు మాత్రం కత్తెర ఆగేది, అది దూరమయ్యాక మళ్ళీ తునికాకు మీద నడిచేది. మార్చిలో ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరాల గురించే నేను చెప్పదలచుకున్నది. అంచుల మీద ఎరుపు, నీలం చారలున్న పల్చని కవర్లు మీలో చాలామంది చూసే ఉంటారు. వాటిని తెరవడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అమ్మ చాట పక్కకు పెట్టి, చేతుల మీది తంబాకు దులుపుకుని, కొంగుతో తుడుచుకుని కూర్చున్న తరువాత నేను గొంతు సవరించుకుని చదవాలి. 'నేను ఇచ్చట క్షేమము, మీరు అచ్చట క్షేమమని తలుస్తాను' అన్నచోట ఆమె తల ఊపేది. ఆ వాక్యం ప్రతి ఉత్తరంలోనూ ఉంటుందని తెలిసీ ప్రతిసారీ ఊపేది. తరువాత బాపు గదిలో ఎన్ని మంచాలున్నాయో, ఎవరు ఏ ఊరివారో, పప్పు ఎవరు వండుతారో, అందులో ఉప్పు ఎవరు ఎక్కువ వేస్తారో వరుసగా వచ్చేది. బాపు నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా ఆ గదిని మేము చూసినంత స్పష్టంగా వర్ణించేవాడు. తలుపు పక్క మంచం ఆర్మూరు ఆయనది అని నాకిప్పటికీ గుర్తు.

నాకు పన్నెండేళ్ళు. ఏడో తరగతి పరీక్షలు రాసి ఉన్నాను. ఆ మే నెలలో వచ్చిన ఉత్తరంలో, క్షేమం తరువాత నాలుగో వాక్యం ఇలా ఉంది. మూడు నెలల నుండి జీతం ఇస్తలేరు, మెస్సు వానికి బాకీ పడ్డ, మీ అమ్మకు పైలంగ చెప్పు. కన్ను ముందు పరుగెత్తి ఆ వాక్యాన్ని చూసింది, నోరు ఇంకా మూడో వాక్యంలోనే ఉంది. అమ్మ ముఖం చూశాను. అంతకు ముందు నెలన్నర ఆమె ఎట్లా గడిపిందో చూసినవాణ్ణి. నోరు నాలుగో వాక్యాన్ని దాటి అయిదోదానిలోకి వెళ్ళిపోయింది. పైలంగా చెప్పమంటే అసలు చెప్పకపోవడమే పైలమనుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మ జవాబు రాయించింది. బావి మీద మోటరు కాలిపోయింది, నాలుగు వేలు కావాలి, పంపించు అని. నేను రాశాను. తెలిసీ రాశాను. రెండు నెలల తరువాత రిజిస్టర్డ్ పోస్టులో డ్రాఫ్టు వచ్చింది, నాలుగు వేలకు. దానితోపాటున్న కాగితంలో, తలుపు పక్క మంచం ఆర్మూరు ఆయన దగ్గర మిత్తికి బదులు తెచ్చి పంపుతున్న అని ఉంది. ఆ వాక్యమూ దాటవేశాను. మొదటిదాన్ని దాచినవాడు రెండోదాన్ని ఎట్లా చదువుతాడు? 1992లో సెలవు మీద రావలసిన బాపు 1993లో వచ్చాడు. ఆ ఏడాదికీ ఆ నాలుగు వేలకూ ఉన్న లంకె కాలేజీలో చేరాక ఎప్పుడో నాకు తట్టింది. ఆయన 2009లో పోయాడు. అడగలేదు, చెప్పలేదు.

ఉత్తరాల కాలం మెల్లగా పోయింది. పసుపుపచ్చ బోర్డుల టెలిఫోను బూతులు వచ్చాయి. ఎర్ర అంకెలు గబగబా మారుతుంటే అమ్మకు మాట తడబడేది. పైసలు కనబడుతుంటే మనసులోని మాట ఎట్లా వస్తుంది? తరువాత చేతిఫోన్లు, 2016లో జియో వచ్చాక ఇంటింటా వీడియో. ఇప్పుడు తమ్ముడు రోజూ ఇమోలో కనబడతాడు. తిన్నవా, ఏం కూర, డ్యూటీ అయిందా. ఈ మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. తెరలో వాడి ముఖమూ, వెనుక జానెడు నీలం గోడా. వాడు వెళ్ళి మూడేళ్ళయింది. మూడేళ్ళుగా ప్రతి రాత్రీ చూస్తున్నాము, ఆ గదిలో ఎందరుంటారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తలుపు ఎటువైపుందో కూడా తెలియదు.

దీనికి ఫోన్లను తిట్టేవారు నాకు చాలామంది తెలుసు. పొద్దున లేవగానే దేవుడి పటం బదులు తెరను చూస్తున్నామని, మనుషుల మధ్య మాటలు పోయాయని. లేవగానే తెరను చూసేవారిలో నేనూ ఒకణ్ణే, కనుక ఆ మాట కాదనను. కానీ దాపరికం ఫోనుతో వచ్చిందంటే మాత్రం నాకు మింగుడు పడదు. నేను దాచిన మాట చారల కవరులో వచ్చింది.

2025లోనే బతుకమ్మ పండుగకు ముందు, సున్నం వేయడానికి ఇంట్లో సామాను బయట పెడుతుంటే బాపు రేకు పెట్టె బయటపడింది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఆ ఉత్తరాలను చూసి సంబరపడి, వాటన్నింటినీ ఫోటోలు తీసి బాబాయికి పంపుతానని కూర్చుంది. నేను నిజామాబాదులో ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం నేను వచ్చేసరికి అది నానమ్మ ముందు కూర్చుని చదువుతోంది. మా అమ్మాయిది ఇంగ్లీషు మీడియం. తాత గొలుసుకట్టు రాత దానికి కొరుకుడు పడదు. "ఇది మ-నా, య-నా?" అనుకుంటూ కూడబలుక్కుని చదువుతుంది. అట్లా చదివేవారి కన్ను ముందుకు పరుగెత్తదు, వాక్యంలో ఏముందో వాక్యం అయిపోయాకే తెలుస్తుంది. అందుకే వారు దేన్నీ దాటవేయలేరు.

నేను చెప్పులు విడుస్తుండగా వినబడింది. "మూ... డు నెలల... నుండి జీ... తం ఇస్తలేరు."

అమ్మ కూలి కోసం బీడీలు చుట్టడం మానేసి చాలా ఏళ్ళయింది, పింఛను వస్తున్నది. కానీ చేతులు ఊరుకోవు కనుక పొరుగామె చాటలోంచి గుప్పెడు ఆకు తెచ్చుకుని ఊరికే చుట్టిపెడుతుంటుంది. ఆ చేతులు ఆగాయి. "గది యే నెలదే?" అని మనుమరాలిని అడిగింది. అది తేదీ వెతికి చెప్పింది. అమ్మ నా వైపు చూసింది. నేను కాళ్ళు కడుక్కోవడానికి పోతున్నవాణ్ణి నిలబడిపోయాను.

"మోటరు కాలింది గా యేడే గదరా."

"అవునమ్మా."

చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, కోపం లేకుండా, ఎప్పుడో పోయిన వస్తువు ఎక్కడ పడిపోయిందో గుర్తొచ్చినట్టు, "గప్పుడు నా చెవులకు కమ్మలుండె గదరా" అన్నది. అంతే. చేతిలోని బీడీకి దారం చుట్టింది. రాత్రి అన్నం ఎప్పటిలాగే పెట్టింది. నేను తలెత్తి ఆ చెవుల వైపు చూడలేకపోయాను. ఆ కమ్మలు 1996లో మా పెద్దమ్మ వైద్యానికి పోయాయి. ఎప్పుడైనా పోవలసినవే. అయితే అయిదేళ్ళ ముందు పోయి ఉంటే బాపు ఒక ఏడాది ముందు ఇంట్లో ఉండేవాడు. తన కమ్మలు తాను అమ్ముకునే అవకాశం ఆమెకు లేకుండా పన్నెండేళ్ళ పిల్లవాడొకడు నిర్ణయించేశాడు. ప్రేమతోనే చేశాడు, అది వాస్తవమే.

నవంబరులో ఒక రాత్రి పదకొండింటికి తమ్ముడి నుంచి నాకు గొంతు సందేశం వచ్చింది. కంపెనీలో రెండు నెలలుగా జీతం లేదని, పనివాళ్ళంతా గదిలోనే ఉన్నారని. దాని కింద ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఒక ముక్క కూడా పెట్టాడు: అన్నా, అమ్మకు చెప్పకు. అంతకు గంట ముందే అమ్మతో ఇమోలో నవ్వుతూ మాట్లాడాడు. ఏం కూర అంటే కోడికూర అన్నాడు.

మూడు రోజులు ఆ సందేశాన్ని జేబులో వేసుకుని నిజామాబాదుకు పోయి వచ్చాను. వాడు నన్ను నమ్మి చెప్పాడు. ఆ నమ్మకాన్ని తప్పడం చిన్న విషయం కాదు, దానికి వాడు నన్ను ఏమన్నా పడవలసిందే. నాలుగో రోజు తెల్లవారుజామున అమ్మ లేచి వాకిలి ఊడ్చి కూర్చున్నాక, ఫోను ఆమె ముందు పెట్టి తమ్ముడి గొంతు మొత్తం వినిపించాను. అమ్మకు చెప్పకు అన్న ముక్క కూడా చదివాను.

"మల్ల పెట్టు" అన్నది. మళ్ళీ పెట్టాను. విని, "గా మైకు బొమ్మ యేడుందిరా" అని అడిగి, దాని మీద తన వేలు తానే అదిమి పట్టింది.

"చిన్నోడా, పైసలు పంపకు. నా పింఛను పైసలున్నయి. మిత్తికి తేకు. గదిల ఎందరున్నరు, ఫోను తిప్పి చూపెట్టు."

వేలు తీసింది. ఒక గీత, తరువాత రెండు గీతలు పడ్డాయి. దోహాలో ఇంకా తెల్లవారలేదు.